వాసెన కట్టిన కుండ

వదిన కుండ తోముతోంది. కల్లంలో మిరపకాయలు ఏరే ఆడవాళ్ళకి రోజూ పదకొండింటికి నీళ్ళు తీసుకెళ్ళే కుండ అది. పీచు పెట్టి లోపలంతా రుద్దింది, తొలిపింది, వంచి వాసన చూసింది. చేతులు కుండలో ఉన్నాయి గానీ చూపు మాత్రం వసారాలో నవారు మంచం మీద తెరిచి పెట్టిన ల్యాప్‌టాప్ మీద ఉంది. అందులో ఒక అమ్మాయి ఎర్రటి బండ మీద కూర్చుని ఆకాశం వంక చూస్తోంది. పొద్దున వదిన ఆట తెరిచినప్పటి నుంచి అట్లాగే కూర్చుని ఉంది.

"ఏం చేస్తందే ఆ పిల్ల?" అని అడిగింది అమ్మ, చేటలో కందులు చెరుగుతూ.

"వాన కోసం చూస్తంది అత్తయ్యా."

"పడిద్దా?"

"పడిద్దంట. ఎప్పుడనేది తెలీదు. పడేదాకా ఆ బండ మీద నుంచి లెగవకూడదు."

"మా మామ కూడా అట్టానే కూకునేవోడు, పత్తి ఏసి" అంది అమ్మ. "ఆయనకెవుడూ బిళ్ళ ఇయ్యలా."

బిళ్ళ అని అమ్మ అనేది అచీవ్‌మెంట్‌ని. ఆట పేరు సాల్ట్ రోడ్. ఉప్పుదారి అన్నమాట. పాతికేళ్ళ కిందటి ఆట. ఉప్పు అమ్ముకునే ఇంటి పిల్ల ఒకతి, తల్లి కట్టి ఇచ్చిన నీళ్ళకుండ చంకన పెట్టుకుని, ఎడారి దాటి సముద్రం చేరాలి. దారిలో ఊళ్ళు, సత్రాలు, దొంగలు, స్నేహాలు ఉంటాయి. ఎవరితో ఏం మాట్లాడామో, ఎవరిని వెంట తీసుకెళ్ళామో దాన్నిబట్టి కథ తిరుగుతుంది. వదిన చిన్నప్పుడు పెదకూరపాడులో వాళ్ళ నాన్న కొన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్‌లో తమ్ముడు నవీన్‌తో కలిసి ఆడేదట. సీడీ గీతలు పడి మూడో ఊరి దగ్గర ఆగిపోయేది. ఆగిపోతుందని తెలిసీ మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళట.

ఆ ఆటని ఈమధ్య కొత్తగా విడుదల చేశారు. కొత్తదాంట్లో కష్టమైన పని ఏదైనా సాధిస్తే తెర మూలన గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఒకటి ఖంగున మోగి పైకి వస్తుంది. అట్లాంటివి నలభై. అన్నీ సంపాదించినవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరని ఆటలోనే రాసి ఉంటుంది.

ల్యాప్‌టాప్ నవీన్‌ది. కాలేజీలో ప్రాజెక్టు పని మొదలయ్యేదాకా అక్క దగ్గర ఉంచాడు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ చూసుకుని, మర్నాడు సాయంత్రం బస్సుకి వచ్చి పట్టుకెళ్తానన్నాడు. మా ఇంట్లో ఇంకో కంప్యూటర్ లేదు.

వదిన కుండ నింపి, చెంబు మూతిమీద బోర్లించి, చంకనెత్తుకుని కల్లానికి వెళ్ళింది. అక్కడ మినరల్ వాటర్ క్యాన్ ఉన్నా ఆడవాళ్ళు కుండ నీళ్ళే అడుగుతారు. కూలికి వచ్చినవాళ్ళకి ఇంటి కోడలే నీళ్ళు తీసుకెళ్ళి పోయాలనేది మా నాయనమ్మ పెట్టిన పద్ధతి. అన్నయ్య పెళ్ళయిన మర్నాడే అమ్మ ఆ కుండని వదిన చంకకి ఎక్కించింది. ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు.

నేను దండెం మీద బట్టలు ఆరేస్తుంటే వసారాలోంచి అమ్మ కేక వినపడింది.

"వానే! ఒసేయ్ తేజూ, వానొచ్చిందే!"

కాయలు కల్లంలో ఉన్న రోజుల్లో మా ఊళ్ళో ఆ మాట అరవకూడదు. పక్కింటి మహబూబ్ మామయ్య తింటున్న కంచం వదిలేసి, పట్టాలు భుజాన వేసుకుని పరిగెత్తాడు. ఎదురింటివాళ్ళు ట్రాక్టర్ స్టార్ట్ చేశారు. అన్నయ్య చొక్కా లేకుండానే బండెక్కి కల్లం వైపు దూకించాడు. తీరా చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు.

మహబూబ్ మామయ్య వెనక్కి వచ్చి మా గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డాడు. "ఏందక్కా, ఎండ మండతంటే వానంటావు?"

అమ్మ ల్యాప్‌టాప్ వైపు చెయ్యి చూపించింది. "ఇందులో."

ఆయన చాలాసేపు తెర వంక చూశాడు. బండ మీద అమ్మాయి రెండు చేతులూ చాపి తడుస్తోంది. మూలన ఇత్తడి బిళ్ళ మెరుస్తోంది.

"బాగానే పడతంది" అన్నాడు చివరికి. "ఆడనే పడనీ. ఇటు రాకుంటే చాలు."

అది ముప్పై తొమ్మిదోది. ఇక ఒక్కటే మిగిలింది.

నాకు ఆట రాదు. పక్కన కూర్చుని చూసేదాన్ని. వదిన ఆడుతుంటే చూడటం, బాగా కుట్టేవాళ్ళ చేతుల్ని చూస్తున్నట్టు ఉండేది. దొంగల చేతిలో ఓడిపోతే విసుక్కునేది కాదు. కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని, "యాడ తొందరపడ్డాం?" అని తనని తనే అడిగేది. ఆ తప్పు రెండోసారి చెయ్యగా నేను చూడలేదు. ఒక దొంగల గుంపుని గోడ సందులో ఇరికించి సులువుగా గెలిచే ఉపాయం ఇంటర్నెట్‌లో ఉందని ఫోన్లో చూసింది. చూసి ఫోన్ పక్కన పెట్టేసింది. "అట్టా గెలిస్తే నేను గెలిచినట్టా?" అంది.

రెండో ఊళ్ళో ఒక కుమ్మరి ఉంటాడు. ఎవరు పలకరించినా బదులు చెప్పడు. ఆడేవాళ్ళు రెండుమూడుసార్లు చూసి వదిలేస్తారట. వదిన ఆ వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా ఆగి పలకరించేది. ఎన్నాళ్ళకో అతను తలెత్తి, "బండకి ఉత్తరం పక్క మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది" అన్నాడు. అంతే, మళ్ళీ తల దించుకున్నాడు. దానికీ ఒక బిళ్ళ వచ్చింది. ఆ రోజు వదిన పప్పులో ఉప్పు వెయ్యటం మర్చిపోయింది. అన్నయ్య ఏమీ అనకుండా తిన్నాడు. అమ్మ ఊరుకుంటుందా?

"ఉప్పు అమ్మే పిల్లతో తిరిగి తిరిగి ఇంట్లో ఉప్పు మర్చిపోయావు. ఇదీ సగమే వంట."

సగం అనేది అమ్మ వదిన కోసం పెట్టుకున్న మాట. వదిన బీటెక్ మూడో ఏడులో వాళ్ళ నాన్నకి జబ్బు చేసి ఆగిపోయింది. గ్రూప్ టూ కోచింగ్‌లో చేరితే మధ్యలో పెళ్ళి కుదిరింది. ఇక్కడికొచ్చాక కుట్టు నేర్చుకుంటూ లంగాల దాకా వచ్చింది. జాకెట్టు మొదలుపెట్టేలోపు నేర్పే ఆవిడ మాచర్ల వెళ్ళిపోయింది. ఇవేవీ వదిన తప్పులు కావు. అయినా కల్లం దాకా పాకాయి. ఒకరోజు నేను కూడా వదిన వెంట వెళ్ళాను. కాయలేరే ఆడవాళ్ళకి పెద్ద పీరాంబీ, దోసిలి పట్టి నీళ్ళు తాగి మూతి తుడుచుకుంటూ అంది.

"ఏం భవితమ్మా, ఆ ఎడారి పిల్లన్నా ఒడ్డుకి చేరిద్దా, దాన్నీ సగంలో దించుతావా?"

ఆడవాళ్ళంతా నవ్వారు. వదిన కూడా నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ కుండ ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటూ నాతో అంది.

"నాకు ఒక్కటన్నా మొత్తం నాదయి ఉండాలని ఉంది తేజూ. సగం చదివినోళ్ళకి ఎవరూ ఏమీ ఇయ్యరు. ఇది ఆటే, నాకు తెలుసు. అయినా సరే, మొత్తం చెయ్యాలి."

ఆ మిగిలిన ఒక్కటి కుండది. ఆటలో తల్లి ఇచ్చే కుండ మూతికి, మనం ఆవకాయ జాడీకి కట్టినట్టే, తెల్లగుడ్డ వాసెన కట్టి ఉంటుంది. ఆ వాసెన విప్పకుండా సముద్రం దాకా మొయ్యాలి. మామూలుగా ఆడేవాళ్ళు ఎడారి మధ్యలోనే విప్పుకుని తాగుతారు. ఆ కుండ ఉన్నదే అందుకు. విప్పకపోతే పూటకో లోటా నీళ్ళతో నడవాలి. పైగా ఈ ప్రయాణంలో వెనక్కి వెళ్ళి దిద్దుకోవటం ఉండదు. జరిగింది జరిగినట్టే ఆట తనంతట తను దాచుకుంటుంది. వాసెన ఊడితే మళ్ళీ మొదటి ఊరి నుంచి రావలసిందే.

మొదటిసారి ఆ పిల్ల ఎడారి మధ్యలో పడిపోయింది. రెండోసారి వదిన చివరి సత్రం దాకా చేర్చింది. అది దాటితే ఇసుక, ఆ తర్వాత సముద్రం. సత్రంలో ఉండగా ఒక ముసలాయన తలుపు ముందుకు వస్తాడు. మాట్లాడడు. దోసిలి పట్టి నిలబడి పొడిదగ్గు దగ్గుతాడు. కింద మూడు బొమ్మలు వస్తాయి. కుండ, లోటా, మూసిన తలుపు.

వదిన ఫోన్లో చదివింది. "అందరూ తలుపు మూసెయ్యమనే రాశారు. కుండ నొక్కితే వాసెన ఊడిపోద్ది. లోటా ఇస్తే మనకి నీళ్ళుండవు, సముద్రం దాకా బతకలేమంట."

ఆమె వేలు తలుపు బొమ్మ దాకా వెళ్ళి ఆగింది. ముసలాయన దగ్గాడు. అప్పుడే అమ్మ పెరట్లోంచి కేకేసింది.

"ఏమే భవితా! పదకొండయింది. కూలోళ్ళు గొంతెండి చస్తన్నారు!"

"వచ్చి నొక్కుతాలే" అని వదిన లేచి, కుండ ఎత్తుకుని వెళ్ళింది. నేను గేదెకి కుడితి పెట్టడానికి వెళ్ళాను.

నేను తిరిగి వచ్చేసరికి అమ్మ చీపురు పట్టుకుని ల్యాప్‌టాప్ ముందు నిలబడి ఉంది.

"ఈ ముసలాయన వచ్చి ఎంతసేపయిందే?"

"అమ్మా, దాన్ని ముట్టుకో..."

నా మాట పూర్తయ్యేలోపే అమ్మ వేలు కుండ బొమ్మకి తగిలింది. నవీన్ ల్యాప్‌టాప్ తెర ఫోన్‌లాగే ముట్టుకుంటే పలుకుతుంది. తెల్లగుడ్డ ముడి దానంతటదే విడిపోయింది. నీళ్ళు పోస్తున్న చప్పుడు వచ్చింది. ముసలాయన తాగి, చేతులు తలకి రాసుకుని వెళ్ళిపోయాడు.

"తాగాడు" అంది అమ్మ తృప్తిగా. "మొహం చూడు, ఎట్టా తెరిపిన పడిందో."

మా ఊరికి ట్యాంకరు మీద నీళ్ళు వచ్చిన ఎండాకాలాల్లో కూడా అమ్మ, గుమ్మం ముందు నీళ్ళడిగిన మనిషిని ఉత్తిచేతులతో పంపింది లేదు. కొరియర్ అబ్బాయి అయినా, ఓట్లకి వచ్చిన అవతలి పార్టీ వాళ్ళయినా, ముందు చెంబు బయటికి వచ్చేది, తిట్లు ఆ తర్వాత.

వదిన వచ్చింది. ఖాళీ కుండ దించింది. తెర వంక చూసింది.

"మీరా అత్తయ్యా?"

"నేనే. ఇంటి మీదికొచ్చినోణ్ణి అట్టా నిలబెట్టి పోతారా ఎవరన్నా?"

"పోరత్తయ్యా" అంది వదిన. ల్యాప్‌టాప్ మూత నెమ్మదిగా మూసింది. వంటింట్లోకి వెళ్ళి గోరుచిక్కుళ్ళు ముందేసుకుంది. అన్నీ తరిగేసింది. తరగటానికి ఇంకేమీ లేకపోయినా కత్తిపీట ముందు నుంచి లేవలేదు.

నేను అమ్మకి జరిగింది చెప్పాను. కుండ సంగతి, వాసెన సంగతి, మళ్ళీ మొదటి నుంచి రావటం, శివరాత్రి, నవీన్.

"నీళ్ళడిగితే లేదనాలా?" అంది అమ్మ. "ఎవుడే ఆ ఆట చేసింది? నీళ్ళున్న ఊరోడయి ఉంటాడు."

కాసేపయ్యాక గొంతు తగ్గించి అడిగింది. "చివరిదాకా వచ్చిందా?"

"చివరి సత్రం."

"మళ్ళీ మొదట్నుంచేనా?"

"మొదట్నుంచే."

అమ్మ ఊడ్చిన వసారానే మళ్ళీ ఊడ్చింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి వదిన మొదటి ఊళ్ళో ఉంది. ఆ పిల్ల తల్లి దగ్గర కుండ అందుకుంటోంది. వదిన ముఖంలో కోపం గానీ పంతం గానీ నాకు కనపడలేదు. రెండో ఊరు వచ్చాక కుమ్మరి దగ్గర ఆగింది. అతని బిళ్ళ ఎప్పుడో వచ్చేసింది. మళ్ళీ ఆగటం ఎందుకని అడిగాను.

"అలవాటుగా పలకరించేదాన్ని, ఇప్పుడు మొహం తిప్పుకుని పోతే ఏమనుకుంటాడు?" అంది.

ఆ రోజు నుంచి అమ్మ వంటింట్లోకి వెళ్ళటం మొదలుపెట్టింది. ఎందుకని ఎవరూ అడగకపోయినా తనే చెప్పేది. "నా వంకాయ నా చేత్తో ఒండుకు తినాలనిపించింది." తర్వాత పచ్చడికి తీసిపెట్టిన కాయలు ముందేసుకుని, గుమ్మంలో కూర్చుని తొడిమలు తీసేది. ఎవరైనా కబుర్లకి వస్తే, "లోపల పనుంది, మాపటేల రా" అని అక్కడి నుంచే పంపేసేది. ఏం పని అని మహబూబ్ మామయ్య అడిగితే, "ఎడారి దాటతన్నాం" అంది. పదకొండింటికి మాత్రం కేక వేసేది. వదిన ఆట ఆపి, కుండ ఎత్తుకుని వెళ్ళి వచ్చేది. అది మాత్రం మారలేదు.

శివరాత్రి అయిపోయింది. రాత్రంతా కొండ దగ్గర ప్రభలు చూసి వచ్చిన అన్నయ్య లోపల గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. సాయంత్రం నవీన్ వస్తాడు. వదిన పొద్దున్నే కుండ తోమి, నింపి, గుమ్మం పక్కన సిద్ధంగా పెట్టి ఆటలో కూర్చుంది. ఆ పిల్ల చివరి సత్రం చేరింది. కుండకి తెల్లగుడ్డ అట్లాగే ఉంది.

ముసలాయన వచ్చాడు. దగ్గు వినపడింది. గుమ్మంలో అమ్మ చేతులు ఆగిపోయాయి. తలెత్తలేదు, కాయల వంకే చూస్తూ ఉంది. వదిన వేలు తలుపు బొమ్మ వైపు వెళ్తుందనుకున్నాను. అది లోటా మీద ఆనింది.

"వదినా!"

"తెలుసు."

"దాటలేరని రాశారన్నావుగా?"

"రాశారు. ఒక్కళ్ళన్నా ఇచ్చి చూశారా అనేది మాత్రం రాయలా."

ముసలాయన తాగి వెళ్ళిపోయాడు. అమ్మ అప్పుడు తలెత్తింది.

"ఏ నీళ్ళిచ్చావే?"

"నాయే అత్తయ్యా."

"మరి నువ్వు?"

వదిన అప్పటికే ఇసుకలో అడుగు పెట్టింది.

ఆ తర్వాత వదిన ఆడింది నేను ఎవరికి చెప్పినా అర్థమయ్యేట్టు చెప్పగలనో లేదో. ఎండ పెరిగితే ఆ పిల్ల ప్రాణం చూపించే గీత కరిగిపోతూ ఉంటుంది. ఎవరైనా పరిగెత్తుతారు. వదిన పరిగెత్తలేదు. మధ్యాహ్నం వచ్చేసరికి ఒక బండ వెతుక్కుని దానికి ఉత్తరం పక్కన కూర్చోబెట్టింది. కుమ్మరి చెప్పిన మాట అది. గీత కరగటం ఆగింది. వాన కోసం ఎట్లా కదలకుండా కూర్చుందో అట్లాగే కూర్చుంది, నీడ పొడుగు సాగేదాకా. దొంగలు ఎదురైతే పోట్లాడలేదు. అమ్మటానికి మోస్తున్న ఉప్పుమూటలు అక్కడే వదిలేసి తప్పుకుంది. బరువు తగ్గి నడక తేలికైంది. ముందు సంపాదించిన బిళ్ళలన్నీ ఆమె ఇందుకే నేర్చుకున్న పాఠాల్లాగా ఉన్నాయి.

అమ్మ ఫోన్ మోగింది, ఎత్తింది. పీరాంబీ గొంతు మా దాకా వినపడుతోంది. "ఏందక్కో, నీళ్ళు రాలా ఇంకా? కోడలు అలిగిందా?"

గోడ గడియారంలో పదకొండు దాటింది. అమ్మ కేక వెయ్యలేదు.

"వస్తన్నయ్‌లేవే. నోరు మూసుకుని కాయలేరు" అని గుసగుసగా చెప్పి ఫోన్ పెట్టేసింది. లేచి వచ్చి వదిన వెనక నిలబడింది.

తెర మీద ఆ పిల్ల మోకాళ్ళ మీద పడింది. గీత దారంలాగా మిగిలింది. వదిన లేపింది. నాలుగడుగులు నడిపించి ఆపింది. మళ్ళీ లేపింది. అమ్మ చెయ్యి మంచం పట్టెని గట్టిగా పట్టుకుని ఉంది. ఇసుక దిబ్బ ఎక్కుతుంటే ముందు చప్పుడు వినపడింది, తర్వాత నీళ్ళు కనపడ్డాయి. తెరంతా నీళ్ళు. ఆ పిల్ల ఒడ్డున కూలబడి కుండ ఒళ్ళో పెట్టుకుంది. వాసెన గుడ్డ కొస గాలికి ఊగుతోంది.

ఖంగున బిళ్ళ మోగింది.

ముసలాయనకి నీళ్ళిచ్చినందుకు ఆటలో ఏమీ రాలేదు. దానికి బిళ్ళ లేదు. వచ్చింది కుండదే. నలభైకి నలభై అని చూపించింది. వదిన అరవలేదు. ఒకసారి ముక్కు ఎగబీల్చి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆట చేసినవాళ్ళ పేర్లు కింద నుంచి పైకి నడుస్తున్నాయి. వెనక ఆడవాళ్ళు కలిసి పాడుతున్న పాట ఒకటి మొదలైంది.

"ఈ పాట నేనెప్పుడూ వినలా తేజూ" అంది వదిన. "కుండ విప్పనోళ్ళకే వినపడుద్దంట."

అంతలో గడియారం చూసి ఉలిక్కిపడింది. "అయ్యో, నీళ్ళు!" అంటూ లేవబోయింది.

అమ్మ చెయ్యి ఆమె భుజం మీద పడి మళ్ళీ కూర్చోబెట్టింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి, చీర కొంగు నడుముకి దోపుకుంది. వంగి కుండని చంకనెత్తుకుంది. చెంబు జారకుండా రెండో చేత్తో పట్టుకుని, ఒకసారి తెర మీద సముద్రం వంక చూసి, మెట్లు దిగి కల్లం వైపు వెళ్ళిపోయింది.